కాఫీ గింజల వేపుడు: 36 వాయిల లెక్క

మాది ఒడిశాలోని కోరాపుట్ జిల్లా సునాబెడ. చుట్టుపక్కల కొండల్లో పండే అరబికా గింజలు పచ్చివే కొని ఇంట్లో వేయించుకోవడం ఈ ఏడాదే మొదలుపెట్టాను. కానీ ఒక వాయిలా ఇంకో వాయి రాలేదు. "నిన్నటిది బాగుంది, ఇవాళ మాడు వాసనొస్తోందమ్మా" అని అత్తయ్య అన్న రోజు నుంచి ప్రతి వాయికీ లెక్క రాస్తున్నాను.

వాయికి 200 గ్రాముల పచ్చి గింజలు, ఇనప మూకుడు, చెక్క తెడ్డు. గింజలు చిటపటమనడం మొదలయ్యాక ఒకటిన్నర నిమిషం ఉంచి, చేటలో పోసి విసనకర్రతో చల్లార్చి, పొట్టు చెరిగేసి తూకం వేస్తాను. బరువు ఎంత శాతం తగ్గిందో అదే నేను పట్టుకున్న అంకె. ఎక్కువ వేగితే ఎక్కువ తగ్గుతుంది. మామూలు వంటింటి కాటా గ్రాముకి తక్కువ చూపించదు. 200 గ్రాములకి 1 గ్రామంటే అర శాతం. అంత మోటు కొలతతో ఏ తేడా గింజలదో, ఏది కాటాదో తెలియదు. అందుకే 0.1 గ్రాము చూపే కాటా కొన్నాకే పుస్తకం తెరిచాను.

మే, వాయి 1–10

13.2, 16.1, 13.9, 16.4, 12.8, 15.3, 13.5, 16.6, 14.1, 15.1. సగటు 14.7.

అంకెలు ఒకసారి పైకి, ఒకసారి కిందికి. కారణం నా చెయ్యే. ఎక్కువ తగ్గితే మర్నాడు మంట తగ్గించేదాన్ని, తక్కువైతే పెంచేదాన్ని. పక్కపక్క వాయిల మధ్య తేడాల సగటు 2.5 దాకా వచ్చింది.

జూన్, వాయి 11–22

స్టవ్ నాబ్ మీద, దాని పక్కన గోళ్ల రంగుతో రెండు గీతలు పెట్టాను. రెండూ కలిసే చోటే మంట. ఫలితం ఎలా వచ్చినా ముట్టుకోకూడదని నిర్ణయం. ఐదో రోజు 14.0 వచ్చినప్పుడు చెయ్యి లాగింది, టెన్షన్ పడ్డాను, అయినా ఆగాను.

14.2, 14.9, 14.5, 15.1, 14.0, 14.6, 15.2, 14.7, 14.1, 14.8, 14.9, 14.2. సగటు 14.6. తేడాల సగటు 0.6. అవే గింజలు, అదే మూకుడు. దిద్దడం మానేశానంతే, ఊగిసలాట నాలుగో వంతుకి పడిపోయింది. నాకు ఇంత సంతోషం ఏ మంచి కాఫీ ఇవ్వలేదు.

ఇప్పుడు హద్దులు గీయొచ్చు. తేడాల సగటుని 2.66తో గుణిస్తే 1.6. (ఆ 2.66 ఎక్కడిదంటే, తేడాల సగటుని 1.128తో భాగిస్తే సిగ్మా, అంటే అంకెలు సగటు చుట్టూ ఎంత చెదురుతాయో చెప్పే కొలత, అంచనాగా వస్తుంది, దానికి మూడు రెట్లు.) సగటుకి అటూ ఇటూ 1.6 వేస్తే కింది హద్దు 13.0, పై హద్దు 16.2. గళ్ల కాయితం మీద మూడు గీతలు, వాయికో చుక్క. ఇదే కంట్రోల్ చార్ట్. టెలిఫోన్ పరికరాల తయారీలో నాణ్యత కోసం అమెరికన్ ఇంజనీరు వాల్టర్ షూహార్ట్ 1924లో ఒక్క పేజీ కాయితంలో ప్రతిపాదించిన ఆలోచన. హద్దుల లోపలి ఊగిసలాట ఆ పనికి సహజం, దాని వెంటపడి దిద్దితే ఇంకా చెడుతుంది. హద్దు దాటితే మాత్రం కారణం వెతకాలి. మన గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ పిలుపు మీద షూహార్ట్ 1947–48లో మన దేశానికి కూడా వచ్చారు.

జులై, వాయి 23–30

15.0, 14.8, 15.3, 15.1, 15.6, 15.4, 15.7, 15.5.

ఒక్కటీ హద్దు దాటలేదు. కానీ ఎనిమిదికి ఎనిమిదీ సగటు గీతకి పైనే. నాణెం ఎగరేస్తే వరసగా ఎనిమిది సార్లు బొమ్మే పడడం 256లో ఒక వంతు. అందుకే ఇలాంటి వరసని కూడా హెచ్చరికగానే తీసుకోవాలి. రుచిలో ఎవరికీ తేడా తెలియలేదు. జూన్ గింజలు కొన్ని గాజు సీసాలో దాచాను, వాటి పక్కన పెట్టి చూస్తే రంగు కూడా అదే. వేపు ముదరలేదు, మరి బరువెందుకు ఎక్కువ పోతోంది?

గోనె సంచి కింద చెయ్యి పెట్టి చూసింది అత్తయ్యే. "గచ్చు చల్లగా ఉంది, సంచి మెత్తబడిపోయిందమ్మా" అంది. వానలకి గింజలు తేమ పట్టాయేమో!

అనుమానం చాలదు కదా. మే నెలలోనే మూత బిగించి పెట్టిన స్టీలు డబ్బాలో కిలో గింజలున్నాయి. ఒకే రోజు డబ్బాదో వాయి, సంచిదో వాయి వేశాను: 14.4, 15.8. తేడా 1.4. అక్కడే తేల్చేయాలనిపించింది. కానీ నా చార్టు ప్రకారం పక్కపక్క వాయిల మధ్య 1.96 దాకా (0.6ని 3.267తో, అంటే తేడాల పై హద్దుకి వాడే స్థిర సంఖ్యతో, గుణిస్తే వచ్చేది) తేడా మామూలే. ఇంకో రెండు జతలు వేశాను: 14.7, 15.5, 14.5, 15.9. మూడు సార్లూ సంచిదే ఎక్కువ, సగటున 1.2. రంగు మాత్రం రెండింటిదీ ఒకటే.

జులై అంకెలు చూసి మంట తగ్గించి ఉంటే సరిగా వేగుతున్న గింజల్ని పచ్చిగా దించేసేదాన్ని.

సంచిలోని గింజల్ని తెరిపి ఇచ్చిన రెండు రోజులు చాప మీద ఎండబెట్టి డబ్బాల్లోకి మార్చాను. పాత గీతలు అలాగే ఉంచాను. 37వ వాయి ఆదివారం.