ముందు పై సొరుగు లాగి చూడండి

మేముండేది నార్త్ కరోలినాలో. థామస్‌విల్, డ్రెక్సెల్ అనేవి ఇక్కడ ఫర్నిచర్ కంపెనీల పేర్లే కాదు, ఊళ్ల పేర్లు కూడా. ఇలాంటి చోట ఉంటూ రంపపు పొట్టు పలకలతో చేసిన కొత్త డ్రెస్సర్‌కి, అదే బట్టలు పెట్టుకునే సొరుగుల బల్లకి, వందల డాలర్లు పోయడం నా వల్ల కాదు.

ఇంటి పెద్దలు పోయినప్పుడో, వృద్ధాశ్రమానికి మారినప్పుడో ఇల్లు తెరిచిపెట్టి సామానంతా అమ్మేస్తారు. అదే ఎస్టేట్ సేల్. నేను పాత ఫర్నిచర్ కొనేది అక్కడే. "పోయినవాళ్ల మంచం మనకెందుకమ్మా" అని అత్తయ్యగారు ఒకటే గొడవ. సరే, మంచాల జోలికి పోను. డైనింగ్ టేబుళ్లు, డ్రెస్సర్లయితే ఆవిడకీ అభ్యంతరం లేదు.

నేను ముందు పై సొరుగు లాగుతాను. హెన్రెడన్, డ్రెక్సెల్ లాంటి కంపెనీల ముద్ర చాలాసార్లు అక్కడే లోపల ఉంటుంది. తర్వాత సొరుగు మూల చూస్తాను. ముందు పలక, పక్క పలక వేళ్లలో వేళ్లు జొప్పించినట్టు పట్టుకుని ఉండాలి. అక్కడ స్టేపుల్ పిన్నులు కనిపిస్తే ఎంత పెద్ద పేరైనా వదిలేస్తా. పాత కంపెనీల్లో చాలావరకు చేతులు మారాయి. పేరు అదే, సరుకు వేరు. ఇక వెనీర్ (పైన అతికించే పల్చటి మంచి చెక్క పొర) అనగానే మొహం తిప్పుకునేవాళ్లతో నేను ఒప్పుకోను. బేకర్ కంపెనీ వాళ్ల పాత బల్లలు చూసి మాట్లాడమనండి.

లేన్ కంపెనీ వాళ్ల సెడార్ (దేవదారు) చెక్క పెట్టెలు పట్టుచీరలకి భలే ఉంటాయి. అడుగున ఉన్న సీరియల్ నంబర్ని వెనకనుంచి చదివితే తయారైన తేదీ వస్తుంది. 165240 ఉందనుకోండి, తిరగేస్తే 042561, అంటే 1961 ఏప్రిల్ 25. కానీ 1987 దాకా చేసిన పెట్టెలకి మూత పడగానే దానంతటదే పడిపోయే తాళం ఉండేది. లోపల దాక్కున్న పిల్లలు తెరవలేక, ఊపిరాడక చనిపోయారు. 1996లో 1.2 కోట్ల పెట్టెల తాళాలు మార్చడానికి రీకాల్ ప్రకటించారు. ఇప్పటికీ పాత తాళంతోనే అమ్మకానికి వస్తుంటాయి. చిన్నపిల్లలున్న ఇల్లయితే తాళం విప్పేశాకే గడప దాటనివ్వండి.

ఆఖరి రోజు చాలాచోట్ల సగం ధరకే ఇస్తారు గానీ, మంచి ముద్ర ఉన్నవి అప్పటిదాకా ఆగవు. మోయడానికి మనుషుల్ని మీరే తెచ్చుకోవాలి. మా ఆయనైతే మెట్లున్న ఇల్లని తెలిస్తే కారు కూడా దిగడు.