ఆలోచన నచ్చిన తరువాత వేయవలసిన లెక్క

కొత్త వస్తువు ఆలోచనతో ఎవరైనా నా దగ్గరకు వస్తే నమూనా చూడడానికి ముందే ఒక ప్రశ్న అడుగుతాను. మీరు అనుకుంటున్న వాటిలో ఏ ఒక్కటి తప్పని తేలితే ఈ ప్రయత్నమంతా కూలిపోతుంది? చాలామందికి దీనికి జవాబు వెంటనే తోచదు. వస్తువు ఎంత అందంగా ఉంటుందో, మార్కెట్ ఎంత పెద్దదో, ఎవరెవరు మెచ్చుకున్నారో వివరంగా చెబుతారు గాని, ఇంటి బరువంతా ఏ దూలం మీద ఆనుకుని ఉందో వెతికి చూసి ఉండరు. సాంకేతిక పరిశీలన చేసేవాడిగా ఆ దూలాన్ని గుర్తించడం, దాని బలాన్ని తక్కువ ఖర్చుతో పరీక్షించే మార్గం చెప్పడం నా ప్రధాన బాధ్యత అని నమ్ముతాను.

గాలిలోని తేమను పీల్చుకుని తనంతట తాను నిండే సీసాను ఉదాహరణగా తీసుకుందాం. పైన చిన్న సౌర ఫలకం, లోపల చల్లబడే పలక ఉంటాయి. ఎండలో నడుస్తూ వెళితే సీసా నీటితో నిండుతుందని ప్రతిపాదన. విన్నవారెవరికైనా మనసు కరుగుతుంది. అయితే ఒక లీటరు నీటికి సరిపడే ఆవిరి ద్రవంగా మారేటప్పుడు సుమారు 2,450 కిలోజౌళ్ల గుప్తోష్ణాన్ని, అంటే దాదాపు 680 వాట్-గంటల ఉష్ణాన్ని వదులుతుంది. ఆ ఉష్ణాన్నంతా పలక బయటికి తోడేయాలి. ఒక వాట్ విద్యుత్తుతో ఒక వాట్ ఉష్ణాన్ని తొలగించగలదని ఉదారంగా అనుకున్నా, 5 వాట్ల ఫలకంతో ఒక్క లీటరు నీటికి 136 గంటల నిండు ఎండ కావాలి. ఆ తేమను మోసుకొచ్చే గాలిని చల్లబరచడానికి అయ్యే శక్తిని ఇందులో కలపనే లేదు. కంప్రెసర్‌తో, తగినంత విద్యుత్తుతో పనిచేసే పెద్ద యంత్రాలు గాలి నుంచి నీటిని నిజంగానే తీస్తున్నాయి కనుక సూత్రంలో దోషం లేదు. చేతిలో ఇమిడే పరిమాణంలోనే చిక్కంతా ఉంది. పది నిమిషాల్లో, ఒక కాగితం మీద తేలే ఈ సంగతి, నమూనా తయారీకి రెండేళ్ల పొదుపు ఖర్చుపెట్టిన తరువాత తెలియడం ఆ వ్యక్తికి జరిగే అన్యాయం. అందుకే బయటి నుంచి శక్తి అందకుండానే ఎప్పటికీ నడుస్తాయని చెప్పే శాశ్వత చలన యంత్రాల ప్రతిపాదనలను ఇకపై పరిశీలించబోమని పారిస్ విజ్ఞాన శాస్త్ర అకాడమీ 1775లో తీసుకున్న నిర్ణయాన్ని నేను కఠినమైనదిగా భావించను. వాటి వెంట పడి కుటుంబాలు ఆస్తులు పోగొట్టుకునే కాలమది.

లెక్క అడ్డు చెప్పని చోట కొలత మొదలవుతుంది. ప్రదర్శన ఎంత బాగా సాగినా దాన్ని కొలతగా స్వీకరించకూడదు. వేలి కొనలోంచి తీసిన కొన్ని చుక్కల రక్తంతో అనేక పరీక్షలు చేయగలమని 2003లో మొదలైన థెరానోస్ సంస్థ చెప్పుకుంది. అంత కొద్ది రక్తాన్ని పలుచన చేసి, మామూలు ప్రయోగశాల యంత్రాల మీదే అనేక పరీక్షలు నడిపినట్లు తరువాత బయటపడింది. 2018లో సంస్థ మూతపడింది. కోట్ల డాలర్లు పెట్టినవారు ఒకే రోగి నుంచి సిరతో, వేలితో తీసిన రెండు నమూనాలను స్వతంత్ర ప్రయోగశాలలో పోల్చి చూపమని గట్టిగా పట్టుబట్టి ఉంటే ఎంతోమంది రోగులకు తప్పుడు ఫలితాలు చేరేవి కావు. నా షరతు ఎప్పుడూ ఒకటే: పరీక్షకు పెట్టే నమూనాను నేను ఎంచుకోవాలి, కొలిచే సాధనం నాదై ఉండాలి, ఆవిష్కర్త చెయ్యి తగలకుండా పలుమార్లు అదే ఫలితం రావాలి. దీన్ని అవమానంగా తీసుకోవద్దని ముందే వినయంగా చెబుతాను. నిజాయితీగా పనిచేసిన వారిలో చాలామంది ఇలాంటి పరీక్షను సంతోషంగా ఆహ్వానిస్తారు.

చక్కగా పనిచేసే వస్తువును కూడా ఎవరూ కొనకపోవచ్చు. థామస్ ఎడిసన్ తన తొలి పేటెంట్‌ను 1869లో, చట్టసభల్లో ఓట్లను విద్యుత్తుతో తక్షణం లెక్కించే యంత్రానికి పొందాడు. యంత్రంలో లోపమేమీ లేదు. కానీ ఒక్కొక్కరి పేరు పిలిచి ఓటు అడిగే ఆ ఆలస్యమే సభ్యులకు అవసరం. ఆ వ్యవధిలోనే బేరసారాలు జరిగేవి, అల్పసంఖ్యాక పక్షం బిల్లులను అడ్డుకునేది. వృథా అని ఎడిసన్ అనుకున్న సమయం కొనవలసిన వారికి ఆయుధం. కాబట్టి వస్తువు వల్ల ఎవరికి మేలు, డబ్బు ఎవరు చెల్లిస్తారు, ఇప్పుడున్న పద్ధతి కొనసాగితే ఎవరికి లాభం అన్న మూడు విషయాలను విడివిడిగా అడుగుతాను. బాగుందన్న బంధుమిత్రుల మాటకు నా అంచనాలో విలువ ఇవ్వను. ముగ్గురు అపరిచితులు ముందుగా కట్టిన సొమ్ముకు చాలా విలువ ఇస్తాను.

పేటెంట్ గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు: అది కొత్తదనానికి దక్కే గుర్తింపు, గిరాకీకి హామీ ఇవ్వదు. తయారీ ఖర్చులో మాత్రం మంచి ఆలోచనలు కూడా తడబడతాయి. త్రీడీ ప్రింటర్ మీద ఒక్కటి చేయడం వేరు, ఉక్కు అచ్చు పోయించి వేలల్లో తీయడం వేరు. అచ్చు ఖర్చు మొదటి వస్తువు అమ్ముడుపోకముందే చేతిలోంచి వెళ్లిపోతుంది. టోకు వ్యాపారి, చిల్లర వ్యాపారి, రవాణా, వాపసులు అన్నీ కలిపి చూస్తే తయారీ ఖర్చుకు మూడు నాలుగు రెట్లైనా అమ్మకం ధర ఉండక తప్పని సందర్భాలు సాధారణం.

ఇంత జాగ్రత్త పడినా నన్ను కలవరపెట్టే ఉదంతం ఒకటి ఉంది. పేటెంట్ విభాగంలో పనిచేస్తూ పత్రాల ప్రతుల కోసం ఇబ్బంది పడిన చెస్టర్ కార్ల్‌సన్ 1938 అక్టోబర్ 22న, వెలుగుకు స్పందించే గంధకాన్ని పూసిన జింకు పలక మీద పొడి చల్లి, తడి రసాయనాలు లేకుండా తొలి ప్రతిని తీశాడు. ఇరవైకి పైగా సంస్థలు అతన్ని తిప్పి పంపాయి. చూపించినది మసకబారిన ప్రతి, దానికి పోటీ చవకైన కార్బన్ కాగితం. నా ప్రశ్నలన్నీ అడిగి నేనూ తిప్పి పంపేవాడినేమో. 1944లో బాటెల్ పరిశోధన సంస్థ మాత్రం పరిశోధనకు ఒప్పుకుంది. గంధకం స్థానంలో సెలీనియం ఎంతో మెరుగని అక్కడే తేలింది. ఆ పద్ధతితోనే 1959లో వెలువడిన జిరాక్స్ 914 యంత్రం బరువు దాదాపు 294 కిలోలు. దాన్ని అమ్మడానికి బదులు నెలకు 95 డాలర్ల అద్దెకు, 2,000 ప్రతులు కలిపి ఇచ్చారు. గిరాకీ అంచనాలన్నిటినీ మించిపోయింది. అంతకు ముందు దాన్ని అంచనా వేసినవారు, అప్పటికి జనం తీసుకుంటున్న ప్రతులనే లెక్కపెట్టారు. సులువుగా దొరికితే ఎన్ని తీసుకుంటారన్నది ఆ లెక్కలో లేదు.

ఆ పలకను తీసుకుని 1939లో కార్ల్‌సన్ నా ముందుకు వచ్చి ఉంటే, కర్మాగారానికి నేను డబ్బు ఇచ్చి ఉండేవాడిని కాను. గంధకం కన్నా వెలుగుకు త్వరగా స్పందించే పదార్థం ఏదైనా ఉందేమో వెతకడానికి ఒక రసాయన శాస్త్రవేత్త ఆరు నెలల జీతం ఇవ్వగలిగేవాడిని. ఇప్పుడు నిరాకరణ లేఖ రాసిన ప్రతిసారీ, అలాంటి ఆరు నెలల పని ఏదైనా ఇందులో మిగిలి ఉందా అని చూసి, ఉంటే దాన్ని చివరి పేరాలో రాస్తున్నాను.