గాడి, గట్టు, పదును: రేసు తోలే పిల్లలతో సిక్కోలు సెలవులు

పరాయి దేశంలో జూనియర్ మోటోక్రాస్ (ఎత్తుపల్లాల మట్టి ట్రాక్ మీద మోటారుసైకిలు రేసు) తోలే పిల్లల్ని సెలవులకి సిక్కోలు పక్క పల్లెకి తీసుకొస్తే, మొదటి వారంలోనే ఎదురయ్యే ప్రమాదం మేనమామ స్కూటీ తాళం. "అక్కడ ఎగిరే బళ్ళు తోల్తన్నాడట, ఈ స్కూటీ ఓ లెక్కా? ఇచ్చీండి గుంటడికి, ఏటీ అవదు" అని ప్రేమగా చేతిలో పెడతారు. అమ్మానాన్నలు మొహమాటపడకుండా వద్దని చెప్పాల్సింది ఇక్కడే.

ట్రాక్ మీద అందరూ ఒకే దిక్కుకి పోతారు. ఎదురు వచ్చేవాడు ఉండడు, పక్క సందులోంచి దూరేవాడు ఉండడు. అవతల ఏముందో కనపడని జంప్ దగ్గర జెండా పట్టుకుని మనిషి నిలబడి ఉంటాడు. అందుకే పిల్లల చూపు పది పదిహేను గజాల ముందుకి అలవాటవుతుంది, పక్కలకి పోదు. ఆమదాలవలస రోడ్డు మీదైతే ప్రమాదమంతా పక్కల నుంచే. గేదె, ఆటో, బడి సైకిలు అన్నీ అటు నుంచే వస్తాయి. సంక్రాంతి రోజుల్లోనైతే తారు మీద ఆరబోసిన ధాన్యం కూడా ఉంటుంది. ధాన్యం మీద టైరు గోళీల మీద నడిచినట్టు జారిపోతుంది.

ఇంకో చిక్కు చేతివేళ్ళలో ఉంది. 65, 85 సీసీ బళ్ళ మీద ఎడమ చేతి లీవరు క్లచ్. కంగారు పుడితే దాన్ని గట్టిగా నొక్కడం ఆ పిల్లల చేతికి ఒంటబట్టిన అలవాటు. స్కూటీ మీద అదే లీవరు బ్రేకు. కొత్త మోడళ్ళలో రెండు చక్రాల్నీ పట్టేస్తుంది. ట్రాక్ మీద ప్రాణం కాపాడే అలవాటు ఇక్కడ బండిని పడేస్తుంది.

చట్టం సంగతి కూడా చుట్టాలకి ముందే చెప్పి ఉంచాలి. 16 ఏళ్ళ లోపు వాళ్ళకి మన దేశంలో లైసెన్సే లేదు. 16 నుంచి 18 మధ్య గేర్లు లేని 50 సీసీ లోపు బండికే ఇస్తారు. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 199ఎ సెక్షన్ ప్రకారం పిల్లవాడు బండితో తప్పు చేస్తే పెద్దవాళ్ళకీ బండి యజమానికీ 3 ఏళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, ఆ బండి రిజిస్ట్రేషన్ 12 నెలల పాటు రద్దు. "మావయ్యా, పట్టుబడితే నీ మీదే కేసు" అని ఒక్కసారి చెబితే తాళం తిరిగి మేకుకి ఎక్కుతుంది.

పిల్లలకి నిజంగా బండి తోలాలని ఉంటే దారి లేకపోలేదు. 2015లో డకార్ ర్యాలీ అనే సుదూర ఎడారి రేసు పూర్తి చేసిన మొదటి భారతీయుడు సి.ఎస్. సంతోష్ కర్ణాటకలో కోలారు వైపు బిగ్‌రాక్ డర్ట్‌పార్క్ అనే శిక్షణ స్థలం పెట్టారు. తిరుగు ప్రయాణం బెంగళూరు మీదుగా పెట్టుకుంటే ఒకటి రెండు రోజులు అక్కడ గడపొచ్చు. పిల్లల సైజు బండి ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. హెల్మెట్, బూట్లు, మోకాలి గార్డులు మాత్రం మనవే తెచ్చుకోవాలి. అవి అద్దెవి సరిపడవు. ప్రయాణ బీమా కాగితం కూడా చదవండి, చాలా పాలసీలు మోటారు పోటీల్లో తగిలిన దెబ్బలకి డబ్బివ్వవు.

రాక ఎప్పుడు పెట్టుకోవాలన్నది రేసు క్యాలెండర్ తేలుస్తుంది. అమెరికాలో టెనెసీ రాష్ట్రం హరికేన్ మిల్స్‌లో, లొరెట్టా లిన్ రాంచ్‌లో 1982 నుంచి జరుగుతున్న అమెచ్యూర్ నేషనల్ (ఔత్సాహిక రైడర్ల జాతీయ పోటీ) జూలై ఆఖరు, ఆగస్టు మొదట్లో వస్తుంది. దానికి అర్హత పోటీలు వసంతం నుంచే మొదలవుతాయి. అంత దూరం పోయే పిల్లలకి ఎండాకాలం సెలవుల్లో ఊరు కుదరదు. డిసెంబరు, జనవరి నయం. మంచు పడే రాష్ట్రాల్లో ట్రాక్‌లు అప్పుడు మూసి ఉంటాయి. ఇక్కడ పొద్దున్నే చలిగాలి, భోగి మంట, కొత్త బియ్యం.

ఆ నాలుగైదు వారాలు ఒంటిని ఊరికే వదిలేస్తే తిరిగి వెళ్ళాక మొదట దెబ్బతినేది ముంజేతులు. రెండు ల్యాపులకే ముంజేతులు రాయిలా బిగుసుకుపోయి వేళ్ళు లీవరు పట్టలేవు. ట్రాక్ దగ్గర దీన్ని ఆర్మ్ పంప్ అంటారు. మోకాళ్ళతో ట్యాంకుని పట్టాల్సింది పోయి, హ్యాండిల్‌ని చేతులతో పిసకడం దీనికి పెద్ద కారణం. మందు మన ఊళ్ళోనే ఉంది. గిలక బావి దగ్గర పెద్దవాళ్ళ కళ్ళ ముందు రోజూ పది పదిహేను చేదల నీళ్ళు తోడితే పట్టూ, వీపూ రెండూ కుదురుతాయి. కళింగపట్నం తీరంలో పొద్దున్న 7 గంటల లోపు తడి ఇసుక గట్టిగా ఉన్నచోట, పెడళ్ళ మీద నిలబడి, మోచేతులు బయటికి తెరిచి 20 నిమిషాలు సైకిలు తొక్కించండి. పొడి ఇసుకలోకి దించినప్పుడు ముందు చక్రం కొట్టుకుంటుంది. అప్పుడు బరువు కాస్త వెనక్కి వేసి, చూపు ముందుకి పెట్టి, తొక్కడం ఆపకుండా పోవడమే ఇసుక ట్రాక్ పాఠం కూడా. నీళ్ళలోకి మాత్రం దిగనివ్వకండి, అక్కడ లాగుడు ఎక్కువ.

బలం గురించి చెప్పడానికి ఈ నేల కంటే మంచి చోటు లేదు. శ్రీకాకుళం స్టేడియం పేరు కోడి రామ్మూర్తిది. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు ఆయన. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్‌లో కంచు పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరిది ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట. విజయనగరం జిల్లా కొండవెలగాడ నుంచి వెయిట్‌లిఫ్టర్ మత్స సంతోషి కామన్వెల్త్ పతకం దాకా వెళ్ళింది. "ఆడపిల్లకి బండేటమ్మా" అని అడిగే పెద్దమ్మలకి ఈ రెండు పేర్లు చాలు. పిల్లల్ని ఒక పొద్దున్న కొండవెలగాడ తీసుకెళ్ళి, తమ ఈడు పిల్లలు ఎలా సాధన చేస్తారో చూపించండి. పదేళ్ళ లోపు వాళ్ళ చేత బరువులు ఎత్తించక్కర్లేదు. గుంజీళ్ళు, తాడాట, తాడు పట్టుకుని ఎగబాకడం చాలు.

తిండి విషయంలో అమ్మమ్మల చేతిదే సరైనది. చోడి (రాగి) అంబలి, ఇడ్లీ, ఉప్పు వేసిన పెరుగన్నం రేసు రోజుకీ బాగా నప్పుతాయి. గేటు పడడానికి, అంటే రేసు మొదలవడానికి, రెండు మూడు గంటల ముందు కడుపు నిండాలి. రెండు మోటోల (ఒకే రోజు జరిగే విడి రేసుల) మధ్య అరటిపండో, నాలుగు ముద్దల పులిహోరో పెట్టి ఆపాలి. ఎండలో 9 నుంచి 12 ఏళ్ళ వాళ్ళకి ప్రతి 20 నిమిషాలకీ 100 నుంచి 250 మిల్లీలీటర్ల నీళ్ళు పట్టించాలి. పల్చటి ఉప్పు మజ్జిగ ఇంకా మేలు.

ఇక మనలో బాగా పాతుకుపోయిన ఒక అలవాటుంది: ఎదిగే పిల్లలు కదా అని రెండు సైజులు పెద్దవి కొనడం. బడి బట్టలకి అది సరే. హెల్మెట్‌కి పనికిరాదు. కనుబొమల పైన ఒక అంగుళం ఎత్తులో టేపు చుట్టి తల కొలవాలి. పెట్టాక బుగ్గలు నొక్కుకోవాలి. హెల్మెట్ కదిపితే నుదుటి చర్మం కూడా దానితో కదలాలి. కొక్కెం బిగించి వెనక నుంచి పైకి లాగితే ముందుకి ఊడి రాకూడదు. గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ బయటికి బాగున్నా లోపలి నురుగు నలిగిపోయి ఉంటుంది, మార్చేయాల్సిందే. బూటు వదులైతే పాదం లోపల జారి, గేరు పడాల్సిన చోట పడదు. బండి మీద కూర్చుంటే రెండు పాదాల మునివేళ్ళ మెత్తలు నేలకి ఆనాలి, ఒక పక్కకి వంచితే ఆ పాదం పూర్తిగా ఆనాలి. జడ పెద్దదైన ఆడపిల్లలకి మెడ దగ్గర కిందుగా రెండు జడలు వేయండి. కొప్పు పెడితే హెల్మెట్ పైకి లేచిపోతుంది. మెడలో గొలుసు, తాయెత్తు తీసి సంచిలో పెట్టాలి. మెడ రక్షణ కింద నొక్కుకుపోయి అవే గాయం చేస్తాయి. తాయెత్తు తీయనంటే చొక్కా లోపలి జేబులో పెట్టి కుట్టేయొచ్చు, అమ్మమ్మ మనసూ నిలుస్తుంది.

అమ్మమ్మా తాతయ్యా మన దగ్గరికి వచ్చినప్పుడు ట్రాక్‌కి తీసుకెళ్ళే ముందు రోజు రాత్రి కూర్చోబెట్టి చెప్పాల్సినవి ఉన్నాయి. మనవడు పడితే కంచె దాటి పరుగెత్తకూడదు. వెనకొచ్చే బండికి ఆ జంప్ అవతల మనిషి ఉన్నాడని తెలియదు. పసుపు జెండా ఊపే మనిషి పని అదే, అది ఊపుతున్నంతసేపూ అక్కడ ఎగరడం, ఒకరినొకరు దాటడం నిషేధం. ఎర్ర సిలువ ఉన్న తెల్ల జెండా కనిపిస్తే వైద్యులు ట్రాక్ మీదున్నారని అర్థం. మన వైపు పడినవాణ్ణి వెంటనే లేపి కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి, కాళ్ళు చేతులు రుద్దుతారు. ఈ మూడూ ఇక్కడ హాని. మెడ దెబ్బ తిని ఉంటే లేపడమే పెద్ద ప్రమాదం. హెల్మెట్ వైద్య సిబ్బందే తీయాలి. ఆపరేషన్ అవసరమైతే కడుపులో నీళ్ళు కూడా ఉండకూడదు.

తలకి దెబ్బ తగిలి అయోమయంగా చూసినా, అడిగిందే అడిగినా, ఆ రోజుకి బండి దిగిపోవాలి. రెండో మోటో ఎంత ముఖ్యమైనదైనా సరే. ముందు బడికి తిరిగి వెళ్ళగలగాలి, ఆ తర్వాతే మెట్టు మెట్టుగా, ఒక్కో మెట్టుకి కనీసం ఒక రోజు చొప్పున, డాక్టరు ఒప్పుకున్నాకే బండి. పదేపదే వాంతులు, తగ్గని తలనొప్పి, మగత, రెండు కంటిపాపలు వేరు సైజుల్లో ఉండడం కనిపిస్తే క్షణం ఆగకుండా ఆసుపత్రికి. మణికట్టు వాచితే నాటు కట్టుకి వెళ్ళకండి. పిల్లల ఎముక చివర్లలో ఎదుగుదల పొర ఉంటుంది, అది చిట్లితే చెయ్యి వంకరగానో పొట్టిగానో ఎదగొచ్చు. ఎక్స్‌రే తీయించి ఎముకల డాక్టరుకి చూపించాలి. దాని తర్వాత అమ్మమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీస్తానంటే తీయనివ్వండి.

ఊరికి బయల్దేరే ముందు షెడ్డులో బండికి చేయాల్సినవి పది నిమిషాల పని. కడిగి ఆరబెట్టి, చెయిన్‌కి నూనె రాసి, పెట్రోలు కుళాయి మూసి, కార్బురేటరు గిన్నెలోది వంపేయాలి. ఆయిలు కలిపిన పెట్రోలు నెల రోజులు నిలవుంటే జెట్‌ల సన్న రంధ్రాల్లో జిగురు కడుతుంది. కిక్ గట్టిగా అనిపించే దాకా తిప్పి వదిలితే పిస్టన్ పైకొచ్చి, తేమ లోపలికి పోయే దారులు మూస్తుంది. సైలెన్సర్ నోట్లో గుడ్డ కుక్కండి, తిరిగొచ్చాక తీయడం మరిచిపోకండి. తిరిగొచ్చిన మొదటి ఆదివారమే రేసుకి పేరివ్వకుండా రెండు ప్రాక్టీసు రోజులు గడవనివ్వాలి. పిల్లలు ఈలోగా ఎదిగి ఉంటారు కాబట్టి శాగ్, అంటే వాళ్ళ బరువుకి బండి వెనక భాగం ఎంత కుంగుతుందో, మళ్ళీ కొలవాలి. స్టాండు మీద వెనక ఇరుసు నుంచి మడ్‌గార్డు మీద ఒక గుర్తు దాకా ఉన్న కొలతలోంచి, పిల్లవాడు హెల్మెట్, బూట్లు, గార్డులు అన్నీ వేసుకుని ఎక్కినప్పటి కొలత తీసేస్తే వచ్చేదే శాగ్. వెనక సస్పెన్షన్ ప్రయాణంలో మూడోవంతు దగ్గర ఉంటే మొదలుపెట్టడానికి చాలు.

తెలుగు బడి ఆదివారం, రేసూ ఆదివారమే. ఈ తగువు తీరేది కాదు. కానీ ట్రాక్‌కి పోయే రెండు మూడు గంటల కారు ప్రయాణం పెద్ద బడి. రేసు మాటలన్నిటికీ మన పొలంలో మాటలున్నాయి. రట్ అంటే గాడి. బెర్మ్ అంటే గట్టు. వూప్స్ అంటే వరస గతుకులు. ట్రాక్ తయారీ కూడా సేద్యమే: ముందు రోజు ట్రాక్టరుతో లోతుగా దున్ని, నీళ్ళు పెట్టి, మట్టి పట్టుకునేంత తేమకి తెస్తారు. ఆ తేమకి మన రైతు మాట పదును. పదును ఎక్కువైతే బురద, తక్కువైతే దుమ్ము, సరిపోతే టైరు నేలని కొరుకుతుంది. ఎడ్లబండి తోలిన తాతకి గాడిలో పడ్డ చక్రాన్ని పక్కకి లాగకూడదని తెలుసు, లాగితే బండి తిరగబడుతుంది. కోచ్ చెప్పేదీ అదే: గాడిలోకి దిగాక దానితో పోట్లాడొద్దు, కళ్ళు గాడి చివర పెట్టు, బండి అదే పోతుంది.

అందుకే వీడియో కాల్లో ట్రోఫీ చూపించే ముందు ట్రాక్ మట్టి చూపించమనండి. గుప్పెడు మట్టి తీసి పిసికి, ఉండ కట్టి, బొటనవేలితో నొక్కి, ముక్కలుగా విరిగిందా, సాగిందా అన్నది ఫోన్ ముందు పెట్టాలి. తాత వెంటనే చెప్పేస్తాడు: "ఇది బంకమట్టిరా, మధ్యాహ్నానికి గాడులు గట్టిపడిపోతాయి, పొద్దున్న దారిలోనే పోకు." మనవడు గేటు దగ్గరికి పోతూ అడుగుతాడు: "మరి ఏ పక్క నుంచి పోవాలి తాతా?"