ఊపిరి సన్నబడితే బెదరొద్దు

గుండె దడ, అరచేతుల్లో చెమట, అర్ధరాత్రి ఉలికిపాటు. ఈసీజీ, థైరాయిడ్ పరీక్ష బాగానే ఉన్నాయి. ఆందోళన జబ్బని డాక్టరు రాసిన మాత్ర పనిచేయడానికి కొన్ని వారాలు పట్టింది. ధ్యానం కుదిరింది కదా అని ఆ మాత్రని నా అంతట నేను ఆపలేదు. ఆయనే మెల్లగా తగ్గించారు.

పతంజలి యోగసూత్రాల్లో మొదటి పాదం 31వది చూస్తే మా జబ్బు చీటీలాగే ఉంటుంది: దుఃఖం, దిగులు, ఒళ్లు వణుకు, ఊపిరి అదుపు తప్పడం. 34వ సూత్రం ఊపిరి వదలమంటుంది, నిలపమంటుంది. నేను వదలడమే పట్టుకున్నా. దడ ఉన్నవాళ్లు బిగబడితే గాలి చాలనట్టై భయం రేగుతుంది.

దుప్పటి నాలుగు మడతలేసి పిరుదుల కింద పెట్టాలి. మోకాళ్లు తుంటికన్నా కిందుండాలి, లేకుంటే నడుము వంగి ఊపిరి ఛాతీలోనే ఆడుతుంది. 4 అంకెలు లెక్కపెట్టేంతసేపు పీల్చి, 6 అంకెలంతసేపు వదలడం, ఇట్టా 10 నిమిషాలు. గట్టిగా లాగి లాగి పీలిస్తే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి వేళ్లు, పెదాలు తిమ్మిరెక్కుతాయి. వెన్ను అడుగున నిద్రపోతుందనే శక్తి, కుండలిని, లేచిందని మురిసేది చాలామటుకు ఇదేనని నా అనుమానం.

తర్వాత ముక్కుకొన దగ్గర గాలి తగిలేచోట మనసు పెట్టి, ఊపిరికొకటి చొప్పున 1 నుంచి 10 దాకా లెక్క. తప్పితే మళ్లీ 1.

కొన్నాళ్లకు లెక్క దానంతటదే జారిపోతుంది. ఊపిరి ఉందా లేదా అన్నంత సన్నబడుతుంది. కదలని ఒంటికి ప్రాణవాయువు కొంచెం చాలు, అంతే సంగతి. మా బోటివాళ్లం సరిగ్గా అక్కడే జడుసుకుని గభాల్న గాలి లాగుతాం. లాగామా, దడ మొదలు. ఎన్నిసార్లు ఇట్టా చెడగొట్టుకున్నానో! కళ్లు సగం తెరిచి, అరచేతులు చాపకి ఆనించి, దాని గరుకు తెలిసేదాకా ఉండి, మెల్లగా మళ్లీ ముక్కు దగ్గరికి రావాలి. ఆ బెదురు దాటినరోజు ‘నాకేమైపోతుందో’ అనే మాటే లోపల పలకదు. పది నిమిషాలనుకుని లేస్తే అరగంట అయ్యుంటుంది.

నెల్లూరు ఎండలకి మిద్దె మీద తెల్లవారుజామే మేలు, అదీ కాఫీకి ముందు. రాత్రి చేపల పులుసు దండిగా పట్టించి కూర్చుంటే వచ్చేది కునుకే. తల వాలిందంటే నిద్ర, సమాధి కాదు. ఛాతీనొప్పి చేతికో దవడకో పాకితే మాత్రం చాప పరచొద్దు, ఆస్పత్రికి పోండి.