తంపర ఒడ్డున తొమ్మిది గుడ్లు

"బాతు గుడ్ల మీద కూకుని ఇరవై రోజులు దాటిపోనాది. చూడాలనుంటే ఈ వారమే వచ్చీరా" అని ఒడిశా గంజాం జిల్లాలోని ఛత్రపురం నుంచి బాబాయి ఫోన్ చేశాడు. మర్నాడే పలాసలో ప్యాసింజర్ ఎక్కాను. ఇచ్ఛాపురం దాటగానే స్టేషన్ బోర్డుల మీద ఒడియా అక్షరాలు మొదలవుతాయి గానీ, బరంపురం దాకా నా చుట్టూ వినిపించినవి తెలుగు మాటలే. 1936 దాకా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. అప్పటి చుట్టరికాలు ఇంకా తెగలేదు. మా పిన్నిది కూడా అలా కలిసిన సంబంధమే.

వాళ్ల ఇల్లు తంపర సరస్సు ఒడ్డున ఉంది. సుమారు 300 హెక్టార్ల మంచినీటి సరస్సు ఇది, 2021లో రామ్‌సర్ గుర్తింపు, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడినేలగా గుర్తింపు, వచ్చింది. పెరటి గోడ అవతల తుంగ, తుంగ దాటితే కలువ ఆకులు. మధ్యలో మోకాలి లోతు నీళ్లలో ఒక ఇనుప పైపు, దాని మీద పది అడుగుల ఎత్తున బాబాయి చేసిన చెక్కపెట్టె.

అందులో ఉన్నది కాటన్ టీల్. ప్రపంచంలోని బాతు జాతులన్నిట్లోకీ చిన్నది, బరువు పావుకిలోకి కాస్త అటూ ఇటూ. శాస్త్రీయ నామం నెట్టాపస్ కోరమాండెలియానస్. మన కోరమాండల్ తీరం పేరే దానికి పెట్టారని తెలిశాక అది నాకు మరీ సొంతదైపోయింది. మగపక్షి తెల్లగా ఉంటుంది, వీపు ముదురాకుపచ్చగా మెరుస్తుంది, మెడలో నల్లపట్టీ. ఆడది గోధుమరంగులో, మెరుపు లేకుండా, కంటి మీదుగా ఒక నల్లగీతతో ఉంటుంది.

ఈ బాతు నేల మీద గూడు కట్టదు. చెట్టుతొర్రలో గుడ్లు పెడుతుంది. కానీ తొర్ర తొలుచుకునే ముక్కు దానికి లేదు, ఎప్పుడో పుచ్చిన ముసలి చెట్టు దొరకాలి. పిన్ని వాళ్ల పెరట్లో అలాంటి మామిడి ఒకటుండేది. 2013 అక్టోబర్ 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ తుఫాను తీరం దాటినప్పుడు అది వేళ్లతో సహా పడిపోయింది. తర్వాతి వానాకాలం ఒక జంట వచ్చి, చెట్టు ఉండే చోట గాల్లో రెండు చుట్లు తిరిగి వెళ్లిపోయిందట. ఆ మాట చెప్పేటప్పుడు బాబాయి గొంతు ఇప్పటికీ మారుతుంది. ఆ మామిడి పలకలతోనే ఈ పెట్టె చేశాడు. మొదటేడు గోరింకలు దిగాయి. రెండో ఏడు బాతులు వచ్చాయి.

పెట్టె లోపలి గోడని ఉలితో అడ్డంగా గీతలు గీతలుగా చెక్కాడు. నున్నగా ఉంటే పిల్లలు పైకి ఎక్కలేవు. అడుగున నీళ్లు కారడానికి చిన్న చిల్లులు, బెత్తెడు మందాన చిత్రిక పొట్టు. జెర్రిపోతు పాకకుండా పైపు చుట్టూ గరాటులా రేకు. తల్లి పొదగడం మొదలెట్టకముందు ఒక్కసారి తలుపు తీసి లెక్కపెట్టాడు: తొమ్మిది. ఆ తర్వాత ముట్టుకోలేదు, బెదిరితే గుడ్లు వదిలేసి పోతుందని. రోజుకొకటి చొప్పున పెట్టినా, అన్నీ పెట్టాకే కూర్చుంటుంది. అందుకే పిల్లలన్నీ దాదాపు ఒకేసారి బయటికొస్తాయి.

రెండు రోజులు ఏమీ జరగలేదు. వాన కురిసింది, పిన్ని చేపల పులుసు పెట్టింది, అంతే.

మూడో రోజు తెల్లారగట్ల బాబాయి నా భుజం తట్టాడు. గోడ వెనక కూర్చున్నాం. తల్లి పెట్టెలోంచి నీళ్ల మీదికి దిగి, మెల్లగా పిలవడం మొదలెట్టింది. చాలాసేపు రంధ్రం ఖాళీగానే ఉంది. తర్వాత అందులో ఒక నల్లని తల, తెల్లని బుగ్గలు. పది అడుగుల కింద నీళ్లు. పుట్టి ఒక్కరోజు. నాకు ఊపిరాడలేదు. ఆ పిల్ల ఎగిరే ఈకలు కూడా రాని బుల్లి రెక్కలు చాపి దూకేసింది. టప్ మని చిన్న చప్పుడు, మళ్లీ తేలింది. దాని వెనకే ఇంకొకటి. నాలుగోది రేకు మీద పడి జారి, నీళ్లలో దొర్లి, ఏమీ ఎరగనట్టు తల్లి దగ్గరికి ఈదింది.

కరెంటు తీగ మీద కాకి వాలింది. నేను అరవబోతే బాబాయి నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. మనిషి గొంతు వింటే తల్లే ముందు ఎగిరిపోతుంది. కాకి కిందికి వంగేసరికి మగపక్షి గరగరమంటూ దాని మీదుగా ఎగిరింది. కాకి పక్క తీగ మీదికి మారింది. అంతలో మిగతావి కూడా దూకేశాయి.

ఎనిమిది. తల్లి పైపు చుట్టూ తిరుగుతూ ఇంకాసేపు పిలిచింది. పెట్టెలోంచి ఎవరూ రాలేదు. తర్వాత పిల్లల్ని తీసుకుని కలువ ఆకుల్లోకి వెళ్లింది.

మధ్యాహ్నం బాబాయి నిచ్చెన వేసి తలుపు తీశాడు. పగిలిన పెంకులు, రెండు తెల్ల ఈకలు, చిట్లని గుడ్డు ఒకటి. దాన్ని ఎండకేసి పట్టి చూశాడు, ఏమీ మాట్లాడలేదు. వంటింట్లోంచి పిన్ని "అన్నీ దిగాయా?" అని అడిగింది.

"ఎనిమిది" అన్నాడు.

ఆ రోజు రైలు వదిలేశాను. సాయంత్రం నాలుగింటికి గోడ దగ్గర నిలబడి, ముగ్గురం మళ్లీ లెక్కపెట్టాం. తుంగ అంచున, తల్లి వెనక వరసగా, ఎనిమిదీ ఉన్నాయి.