తమ్ముడి కళ్ళు ఎందుకు పచ్చబడ్డాయో కనుక్కున్నాం

మా తమ్ముడికి సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకరపోయే పుట్టు జబ్బు. చిన్నప్పటి నుంచీ వాడి కళ్ళు కాస్త పచ్చగానే ఉంటాయి. ములుగు వైపు మా ఊళ్ళో చూసినవాళ్ళంతా "పసిరికలైనయ్ (కామెర్లు), పసరు తాపియ్యిండ్రి" అనేవాళ్ళే. మామూలు ఎర్రకణం 120 రోజులు బతికితే వాడిది 10 నుంచి 20 రోజుల్లోనే పగిలిపోతుంది. అందులోంచి వచ్చే బిలిరుబిన్ అనే పసుపు పదార్థమే ఆ పచ్చదనం. దానికి పసరెందుకు? ఏ ఆకు పిండారో తెలియని మందు కాలేయానికి కొత్త ముప్పు. అమ్మ ఎవరెంత చెప్పినా ఒప్పుకోలేదు.

పోయిన ఎండాకాలం మాత్రం సంగతి వేరు. కళ్ళ పచ్చదనం బాగా ముదిరింది, మూత్రం గోధుమ రంగుకు తిరిగింది, కుడి డొక్కలో నొప్పి, చలిజ్వరం. తెల్లారేదాకా ఆగలేదు, వరంగల్ తీసుకుపోయాం.

రిపోర్టు చూపిస్తూ డాక్టరు చెప్పిన మాట ప్రతి సికిల్ ఇంటికీ తెలియాలి: "టోటల్ ఒక్కటే చూడకమ్మా, డైరెక్ట్ బిలిరుబిన్ ఎంతుందో చూడు." రక్తం పగిలితే పెరిగేది ఇన్‌డైరెక్ట్, కాలేయం ఇంకా మార్చనిది. డైరెక్ట్ అంటే కాలేయం మార్చి పైత్యరసంలోకి పంపేది. వాడికి ఎప్పుడూ ఇన్‌డైరెక్టే ఎక్కువ. ఈసారి టోటల్‌లో డైరెక్ట్ సగం దాటింది. అంటే పైత్యరసం దారిలో అడ్డముండాలి, లేదా కాలేయంలోని సన్న రక్తనాళాల్లో కణాలు ఇరుక్కుని దాన్నే దెబ్బతీస్తుండాలి. రెండోదైతే ప్రాణం మీదికొస్తుందట. కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైముల్లో ఎస్‌జీఓటీ ఎర్రకణాల్లోనూ ఉంటుంది కాబట్టి దానికన్నా ఎస్‌జీపీటీని నమ్మాలన్నారు. ఇదివరకు రక్తం ఎక్కించుకున్నాడని హెపటైటిస్ బి, సి కూడా చూశారు. రెండూ లేవు.

స్కానింగ్‌లో బయటపడింది: పైత్యరసం నిల్వ ఉండే పిత్తాశయం నిండా రాళ్ళు, ఒకటి జారి పైత్యనాళంలో ఇరుక్కుంది. దాన్ని ఎండోస్కోపీతో తీసి, జ్వరం తగ్గాక పిత్తాశయానికి ఆపరేషన్ పెట్టారు. ముందు రక్తం ఎక్కించి హిమోగ్లోబిన్ 10 దగ్గరికి తెచ్చారు.

నాకు భయమేసింది ఆపరేషన్ గురించి కాదు, ముందు రాత్రి గురించి. పొద్దుటిదాకా నోట్లో చుక్క నీళ్ళు పోయొద్దు. వీడికేమో ఒంట్లో నీళ్ళు తగ్గినా, చలి తగిలినా నొప్పులు మొదలవుతాయి. "సిస్టర్, తమ్ముడికి సికిల్, సెలైన్ ఎప్పుడు పెడతరు?" అని అడిగాను. "ఇప్పుడే పెడుతున్నమ్మా, సార్ రాసిండు" అంటూ సీసా తగిలించింది. పాదాల దాకా దుప్పటి కప్పి, నేను పక్కనే కూర్చున్నాను.

మర్నాడు చిన్న డబ్బాలో రాళ్ళు చూపించారు. మిరియాల్లా నల్లగా, గరుకుగా ఉన్నాయి. పగిలిన రక్తంలోని బిలిరుబినే ఏళ్ళ తరబడి అలా గట్టిపడిందట.

ఇప్పుడు మా చూపంతా ఇనుము మీద. ఒక్కో బ్యాగు రక్తంతో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఒంట్లోకి వస్తుంది. దాన్ని బయటికి తోసే దారి శరీరానికి లేదు, పోయి ఎక్కువగా కాలేయంలోనే పేరుకుంటుంది. అందుకే ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయిస్తున్నాం, అదీ నొప్పులు, జ్వరం లేనప్పుడే, లేకపోతే అంకె ఊరికే పెరుగుతుంది. రక్తం తక్కువుందని ఎవరైనా ఐరన్ బిళ్ళలు ఇవ్వబోతే అమ్మ తీసుకోదు, వాడి డాక్టరు రాస్తేనే. నొప్పులు తగ్గించే హైడ్రాక్సీయూరియా, కొత్త రక్తకణాలకు కావాల్సిన ఫోలిక్ యాసిడ్ మాత్రం రోజూ తన చేత్తోనే వేస్తుంది.