చోడి చిగుళ్లు ఎర్రబడేదాకా

కిందటేడు ఆషాఢం వానల్లో విశాఖలో మా మాధవధార వీధిలో ఒక తెల్ల కుక్క నాలుగు పిల్లల్ని పెట్టింది. అప్పుడు మేం మేడ మీద గదులు వేయిస్తున్నాం. ఇంటి ముందు పోయించిన ఇసుక కుప్పలో గుంట తీసుకుని, పిల్లలతో అక్కడే పడుకునేది. నాలుగో వారం రాకముందే రెండు పిల్లలు చనిపోయాయి. వానకి తడిసి, చలికి పోయాయని అందరం అనుకున్నాం. మిగిలిన రెండింట్లో ఒకదాన్ని ఎదురింటివాళ్ల చుట్టాలు తీసుకెళ్లారు. రెండోదాన్ని మా బాబు ఇంట్లోకి ఎత్తుకొచ్చాడు. చోళ్ల (రాగుల) గింజల రంగులో ఉందని అత్తయ్య దాన్ని చోడి అని పిలిచారు. అదే పేరైపోయింది.

వచ్చినప్పుడు దాని పొట్ట బూరెలా ఉండేది. "బాగా తింటోంది, బలంగా ఉంది" అని చూసినవాళ్లంతా అన్నారు. నాకూ అలాగే అనిపించింది. కానీ వీపు మీద చెయ్యి వేస్తే వెన్నుపూసలు ఒక్కొక్కటీ వేళ్లకి తగిలేవి. పొట్ట అంత ఉండి వీపు ఇలా ఉందేమిటని ఆ రోజే అనుమానించాల్సింది.

మూడో రోజు రాత్రి వాంతి చేసుకుంది. అన్నంతో పాటు ఉడికిన సేమ్యా పోగుల్లా తెల్లగా నాలుగైదు పడ్డాయి. రెండు ఇంకా కదులుతున్నాయి. నాకు చేతులు వణికాయి. పొద్దున్నే ఒక మందుల షాపుకి వెళ్లి చెబితే, పిల్లలకి వేసే నులిపురుగుల సిరప్ ఇచ్చి సగం పట్టమన్నాడు. దాని బరువెంతో నేను చూడలేదు, ఆయన అడగలేదు. మర్నాడు మలంలో ఇంకొన్ని పురుగులు పడ్డాయి. ఇక పోయినట్టే అనుకున్నాను.

వారం తిరగకుండానే చోడి గిన్నె దగ్గరికి రావడం మానేసింది. బాబు బంతి విసిరితే తలెత్తి చూసి మళ్లీ పడుకునేది. మలం తారులా నల్లగా, జిగటగా వచ్చింది. ఈసారి షాపుకి వెళ్లలేదు. ఆటో ఎక్కి సీతమ్మధార వైపున్న పెట్ క్లినిక్‌కి తీసుకెళ్లాను.

డాక్టరమ్మ ముందుగా దాని పై పెదవి ఎత్తారు. చిగుళ్లు కాగితంలా తెల్లగా ఉన్నాయి. రోజూ ముద్దాడుతున్న పిల్లే, ఒక్కసారి కూడా నేను నోరు తెరిచి చూడలేదు. తర్వాత బరువు తూచారు. 2.4 కిలోలు.

"ఇంతకుముందు ఏమైనా మందు వేశారా అమ్మా?" అని అడిగారు. సీసా చూపించాను. "ఇది ఆల్బెండజోల్. కుక్కలకి మేం వాడం, ఎముక మజ్జని దెబ్బతీసే ప్రమాదం ఉంది. పైగా మీరు వాంతిలో చూసినవి ఏలిక పాములు. దీన్ని ఇంత నీరసపెడుతున్నది ఇంకోటేమో, మలం చూస్తే తెలుస్తుంది" అన్నారు.

ఆ పరీక్ష నా కళ్లెదుటే చేశారు. మలాన్ని చిక్కటి ఉప్పు నీళ్లలో కలిపి, వడకట్టి, చిన్న గాజు గొట్టంలో అంచుదాకా పోసి, పైన పల్చటి గాజు పలక పెట్టారు. పావుగంట ఆగాలన్నారు. పురుగుల గుడ్లు ఆ ఉప్పు నీళ్ల కంటే తేలిక కాబట్టి పైకి తేలి పలకకి అంటుకుంటాయట. నాకు మా నాన్న గుర్తొచ్చారు. చోడవరం దగ్గర మా పొలంలో వరి విత్తనం కట్టే ముందు, కోడిగుడ్డు తేలేదాకా నీళ్లలో ఉప్పు కలిపి, అందులో విత్తనాలు పోసి, తేలిన తాలు గింజల్ని తీసి పారేసేవారు. ఇక్కడ తేలేవాటి కోసమే కాచుకుని కూర్చున్నాం.

మైక్రోస్కోపులో నన్నూ చూడనిచ్చారు. కొన్ని గుండ్రంగా, గోధుమ రంగులో, మందమైన పెంకుతో ఉన్నాయి. అవి ఏలిక పాముల గుడ్లు. కోలగా, పల్చటి పెంకుతో, లోపల ద్రాక్ష గుత్తిలా కణాలున్నవి అంతకంటే చాలా ఎక్కువగా కనిపించాయి. అవి కొంకి పురుగులవి. ఈ కొంకి పురుగు పేగు గోడని పళ్లతో పట్టుకుని రక్తం తాగుతుంది. కరిచిన చోటు వదిలి ఇంకో చోటికి మారితే పాత గాయంలోంచి కూడా రక్తం కారుతూనే ఉంటుంది. ఆ రక్తం అరిగి బయటికొస్తేనే మలం నల్లగా ఉంటుంది. రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ 5.6 వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్కకి 12 నుంచి 18 దాకా ఉంటుంది, పిల్లలకి కొంత తక్కువే గానీ ఇంత తక్కువ కాదని చెప్పారు. ఇంకా పడితే రక్తం ఎక్కించాలన్నారు.

"ఇంత పసిదానికి ఇవి ఎక్కడ అంటుకున్నాయి డాక్టర్ గారూ?" అని అడిగాను. తల్లి నుంచేనట. ఏలిక పాముల పిల్ల పురుగులు తల్లి కడుపులో ఉండగానే మాయ దాటి వచ్చేస్తాయి. కొంకి పురుగులు పాలతో వస్తాయి. ఈ రకంగా పుట్టిన పిల్లలు కొన్ని రెండు మూడు వారాల్లోనే రక్తం లేక చనిపోతాయి, అప్పటికి మలంలో గుడ్లు కూడా కనిపించకపోవచ్చు. ఇసుక కుప్పలో పోయిన రెండు పిల్లలూ నా కళ్లముందు కనిపించాయి. అక్కడ నేనేమీ మాట్లాడలేకపోయాను.

పైరాంటెల్, ఫెబాంటెల్ కలిసిన మందు కిలోకి ఒక ఎంఎల్ లెక్కన అక్కడే పట్టించారు. ఐరన్ చుక్కలు రాశారు, రెండు వారాలకి మళ్లీ రమ్మన్నారు. ఆ రాత్రి గంటకోసారి లేచి, ఊపిరి తీస్తోందా అని పక్కటెముకల మీద చెయ్యి పెట్టి చూశాను. రెండో రోజు సాయంత్రం లేచి పెరుగన్నం నాకింది. అత్తయ్య దేవుడి గదిలోంచి వచ్చి మరీ చూశారు.

రెండు వారాల తర్వాత చేసిన పరీక్షలో మళ్లీ గుడ్లు కనిపించాయి. తక్కువే, కానీ ఉన్నాయి. మందు నకిలీదేమో, మోతాదు చాల్లేదేమో అని నాకు ఒకటే టెన్షన్. డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పారు. మందు పేగులో ఉన్న పురుగుల్ని చంపుతుంది. కండరాల్లో నిద్రపోతున్న పిల్ల పురుగులు దానికి చిక్కవు. పేగు ఖాళీ అయ్యాక అవే వచ్చి అక్కడ చేరతాయి. అందుకే పిల్లలకి రెండో వారం నుంచి ఎనిమిదో వారం దాకా రెండు వారాలకోసారి, తర్వాత ఆరు నెలలు నిండేదాకా నెలకోసారి నట్టల మందు వేస్తారు. చోడికి ఈసారి ఫెన్‌బెండజోల్ ఇచ్చారు, కిలోకి 50 మిల్లీగ్రాముల చొప్పున మూడు రోజులు అన్నంలో కలిపి పెట్టాలి.

తర్వాత ఇంట్లో అది ఎక్కడ తిరుగుతుందని అడిగారు. ఇసుక కుప్ప అనగానే ఆగిపోయారు. తడి, నీడ, వెచ్చదనం ఉన్న ఇసుకలో కొంకి పురుగు గుడ్లు ఒకటి రెండు రోజుల్లోనే పగులుతాయి. కొద్ది రోజుల్లో ఆ పిల్ల పురుగులు చర్మంలోంచే లోపలికి దూరిపోగలవు. మనుషుల చర్మంలోకి దూరితే దురదతో పాములా ఎర్రటి గీతలు పడతాయి. ఏలిక పాము గుడ్లు మట్టిలో రెండు వారాలకి గానీ ప్రమాదకరం కావు, కాకపోతే ఆ తర్వాత ఏళ్ల తరబడి చావవు. పిల్లల నోట్లోకి వెళ్తే, వాటిలోంచి వచ్చే పిల్ల పురుగులు కంటి దాకా పాకగలవు. మా బాబు అదే ఇసుకలో చెప్పుల్లేకుండా గూళ్లు కట్టుకుంటాడు.

మర్నాడే మేస్త్రీతో ఆ ఇసుకంతా తీయించి, మిగతా సరుకు మీద పట్టా కప్పించాను. వాడి స్కూలు బూట్ల పక్కనే పెరటి చెప్పులు పెట్టాను. చోడి మలం అదే రోజు కవర్లో తీసి పారేయడం మా ఆయన పని. ఇప్పటికీ ఆయన ఒక్కరోజు తప్పలేదు, ఆ మాట ఇక్కడ చెప్పాలి.

మూడో పరీక్షకి మలం నేనే డబ్బాలో పట్టుకెళ్లాను. తాజాగా, మన్ను అంటకుండా తీయాలి. ఆలస్యమైతే చల్లగా ఉంచాలి, లేకపోతే ఎండకి గుడ్లు పగిలిపోయి పరీక్షలో ఏమీ దొరకదు. ఫ్రిజ్‌లో పెట్టడానికి అత్తయ్య ఒప్పుకోరని తెలుసు, అందుకే ఐసు ముక్కల సంచిలో తీసుకెళ్లాను. గుడ్లు లేవు. హిమోగ్లోబిన్ 9.8.

దసరా తర్వాత దాని తోక కింద ఎండిన బియ్యపు గింజల్లాంటివి కనిపించాయి. మలం పరీక్షలో మాత్రం ఏమీ రాలేదు. ఆ గింజలు బద్దె పురుగు ముక్కలు. గుడ్లు ఆ ముక్కల్లోనే ఉండిపోతాయి కాబట్టి ఉప్పు నీళ్లలో చాలాసార్లు తేలవు. ఇది మట్టి నుంచి రాలేదు. ఒంటి మీది ఫ్లీ పురుగుల్ని కొరికి మింగితే వస్తుంది. ప్రాజిక్వాంటెల్ ఒక్క మోతాదుతో పోయింది. దాంతో పాటు ఫ్లీ పురుగులకి మందు వేసి, అది పడుకునే గుడ్డలన్నీ వేడి నీళ్లలో ఉతికాం.

డిసెంబర్లో ఆ తెల్ల కుక్క పొట్ట మళ్లీ కిందికి జారింది. నేను డాక్టరమ్మకి ఫోన్ చేశాను. చూలు కట్టిన 40వ రోజు నుంచి ఈనాక 14 రోజుల దాకా రోజూ ఫెన్‌బెండజోల్ పెడితే పిల్లలకి దాటే పురుగులు బాగా తగ్గుతాయన్నారు. ఒక ఆదివారం ఇటుగా వచ్చినప్పుడు గేటు బయట నిలబడి చూసి, రోజు సుమారుగా లెక్కగట్టి, మోతాదు చెప్పారు. ఆ కుక్క మనిషిని దగ్గరికి రానివ్వదు. ఉడికించిన కవళ్లు (చిన్న చేపలు) కలిపిన అన్నంలో మందు పొడి కలిపి గోడ వారగా పెట్టి పక్కకి తప్పుకునేదాన్ని. రెండు రోజులు అసలు కనిపించలేదు, ఆ రెండు రోజులూ నాకు నిద్ర లేదు.

సంక్రాంతి వెళ్లాక ఐదు పిల్లల్ని పెట్టింది, మా మెట్ల కింద, గోనె సంచుల మీద. 14వ రోజున తల్లి అన్నం తింటున్నప్పుడు ఒక్కొక్క పిల్లనీ వంటింటి తక్కెడలో తూచి, సూదిలేని సిరంజితో మందు పట్టాను. అన్నిటికంటే చిన్నది 620 గ్రాములుంది, దానికి 0.6 ఎంఎల్. బాబు కాగితం మీద రాసుకున్నాడు. ఇప్పుడు నాలుగో వారం నడుస్తోంది. నిన్న వాటి పెదవులు ఎత్తి చూశాను, ఐదింటికీ చిగుళ్లు ఎర్రగా ఉన్నాయి. రెండో మోతాదు శుక్రవారం.